చంద్రగిరి కోట: గైడుకు మంచి మార్కులు, వ్యాన్‌కు కాదు

తిరుపతి రైల్వే స్టేషన్ చుట్టుపక్కల ఒకరోజు ప్యాకేజీలు అమ్మేవాళ్ల బోర్డుల మీద చంద్రగిరి కోట పేరు తప్పకుండా ఉంటుంది. తీరా వెళ్లాక తెలుస్తుంది, కాణిపాకానికీ శ్రీనివాస మంగాపురానికీ మధ్య కాసేపు బండి ఆపే చోటు అదని. వరంగల్ నుంచి వచ్చిన పిన్నినీ బాబాయినీ వెంటబెట్టుకుని మేం ఎక్కిన వ్యాన్ కూడా ఆ బాపతే. ఏసీ అన్నారు గానీ వెనక సీట్లకు చల్లగాలి రాలేదు. పొద్దున్నే రమ్మని, హోటల్ హోటల్‌కూ తిరిగి జనాన్ని ఎక్కించుకునేసరికి ఎండెక్కింది. కాణిపాకం క్యూలో మిగతా పొద్దు అయిపోయింది. కోట దగ్గర దిగింది మిట్టమధ్యాహ్నం. "నలభై నిమిషాల్లో వచ్చేయండి సార్" అన్నాడు డ్రైవరు.

గైడు మాత్రం పని తెలిసినవాడు. రాజమహల్ ముందు నిలబడి "కృష్ణదేవరాయలు కట్టించిందే కదయ్యా ఇది?" అన్నాడు బాబాయి. "లేదు సార్, కోట అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందుది. ఈ ప్రాంతాన్ని ఏలిన యాదవరాయల నాటిదని చెబుతారు" అని మొదలుపెట్టాడు. కృష్ణదేవరాయల తమ్ముడు అచ్యుతరాయలు పట్టాభిషేకానికి ముందు ఈ కోటలోనే నిర్బంధంలో ఉన్నాడట. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని హంపి నుంచి పెనుకొండకు, అక్కడి నుంచి ఇక్కడికి ఎలా వచ్చిందో కూడా విసుగు పుట్టకుండా చెప్పాడు. మా వ్యాన్‌లో చెన్నై కుటుంబం ఒకటి ఉంది. 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు స్థలం ఇచ్చిన దామర్ల వెంకటప్ప నాయకుడు చంద్రగిరి రాయల కింది నాయకుడేననీ, చెన్నపట్నం అన్న పేరు ఆయన తండ్రి చెన్నప్ప మీదుగా వచ్చిందనీ చెప్పేసరికి, అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్న వాళ్ల పిల్లలు కూడా తలెత్తారు.

మూడంతస్తుల రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతోనే లేపారు, కలప వాడలేదు. లోపల పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. గండికోట, యాగంటి వైపు నుంచి తెచ్చిన శిల్పాలు నిలబడి చూడదగ్గవి. ఒక్కొక్కదాని ముందు ఆగుదామంటే కింద నుంచి హారన్ మొదలైంది. రాణీమహల్‌ను నడుస్తూనే చూశాం. పిన్ని మెట్లెక్కలేక కిందే నీడన కూర్చుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు పై అంతస్తు కష్టమే.

ఆ తర్వాత వ్యాన్ ఆపిన హోటల్లో భోజనం గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. చిత్తూరు, తిరుపతి వైపు తిరుగుతూ రాగి సంగటి దొరకని చోట అన్నం తినిపించడం అన్యాయం కాదా? మంగాపురం కళ్యాణ వేంకటేశ్వరస్వామి దర్శనం ప్రశాంతంగా అయింది. రోజంతటిలో టెన్షన్ లేని సమయం అదొక్కటే.

నన్నడిగితే, కాణిపాకమే ముఖ్యమనుకుని సొంత బండి లేనివాళ్లకు ఈ ప్యాకేజీ ఫరవాలేదు. కోట కోసం వెళ్లేవాళ్లకు దండగ. చంద్రగిరి తిరుపతికి పదిహేను కిలోమీటర్లలోపే. ఆర్టీసీ బస్సు ఉంది, పాకాల రైలు మార్గంలో స్టేషన్ కూడా ఉంది. ఊళ్లో దిగి కోటదాకా ఆటో మాట్లాడుకోండి. పొద్దున్నే వెళ్లి తీరిగ్గా చూసి, తిరుగుదారిలో మంగాపురం చూసుకుంటే మధ్యాహ్నానికి తిరుపతిలో ఉంటారు. నీళ్ల సీసా మరవద్దు. బస కూడా తిరుపతిలోనే మేలు. బస్టాండు దగ్గర శ్రీనివాసం, స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం, రెండూ దేవస్థానం వసతి గృహాలే, బస్సుకైనా రైలుకైనా దగ్గర.

ఇంకో మాట, శుక్రవారం మ్యూజియానికి సెలవు. ప్యాకేజీ వ్యాన్లకు ఆ సెలవు ఉండదు కాబట్టి, డబ్బు కట్టేముందే ఏ వారమో చూసుకోండి.