గోడకు కాళ్లు ఆనించిన రెండేళ్లు

మా పడగ్గదిలో కిటికీ పక్క గోడ మీద రెండు మడమల మచ్చలుంటాయి. మొన్న దసరాకు రంగులు వేయించాం, నెల తిరక్కుండానే మళ్లీ పడ్డాయి. రెండేళ్లుగా రోజూ రాత్రి 10 నిమిషాలు నా కాళ్లు అక్కడే ఉంటున్నాయి మరి.

నాకు 51. నెలసరి గతి తప్పినప్పటి నుంచి రాత్రి మూడింటికల్లా మెలకువ వచ్చేసేది. మెడ వెనక చెమటలు, ఫ్యాను గాలి చాలదు, ఇక తెల్లారేదాకా పక్క మీద దొర్లడమే. అందరూ యోగా చెయ్యమంటే ఇక్కడే వనస్థలిపురంలో ఒక సెంటర్‌లో సాయంత్రం ఏడున్నర బ్యాచ్‌లో చేరాను. దెబ్బతిన్నది అక్కడే. ఊపిరి తిప్పుకోనివ్వకుండా 30 సూర్య నమస్కారాలు, ఆ వెంటనే కపాలభాతి, అంటే ఊపిరిని గబగబా బయటకు తన్నే ప్రాణాయామం. ఇంటికొచ్చేసరికి ఒళ్లంతా సెగ, గుండె దడ. పన్నెండైనా కునుకు పట్టేది కాదు. అడిగితే "అలవాటైతే సర్దుకుంటుందమ్మా" అన్నారు. మూడు నెలలు ఫీజు కట్టి ఓపిక పట్టాను. సర్దుకోలేదు. పడుకునే ముందు ఒళ్లు వేడెక్కించే ఆసనాలు ఈ వయసు ఆడవాళ్ల చేత ఎందుకు చేయిస్తారో, ఆ కోపం నాకింకా పోలేదు.

విపరీత కరణి అనే ఆసనం మా వదిన నేర్పింది. నడుం కింద మడత దుప్పటి, కాళ్లు నిటారుగా గోడకు. లైటు ఆర్పేసి, ఊపిరి పీల్చినదానికంటే నెమ్మదిగా వదలాలి. నాలుగైదు నిమిషాలకు పాదాల్లో చిన్న తిమ్మిరి, పిక్కల్లో పట్టు సడలడం తెలుస్తుంది. తర్వాత లేచి కూర్చుని ఐదుసార్లు భ్రామరి, అంటే నోరు మూసి తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదలడం. ఆ తుమ్మెద నాదానికి దవడలు, ముక్కు దూలం అదురుతుంటే రేపటి టిఫిన్ ఏంటన్న ఆలోచన కూడా రాదు. నెల రోజులకు, పడుకున్న కాసేపటికే కన్ను అంటుకోవడం మొదలైంది.

చెమటలు మాత్రం తగ్గలేదు. ఈ మే నెలలోనూ రాత్రుళ్లు జాకెట్టు తడిసిపోయింది. మెలకువ వచ్చినా పావుగంటలో మళ్లీ నిద్ర పడుతోంది, తేడా అంతే. 2014లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలోనూ 12 వారాలు యోగా చేసిన ఈ వయసు ఆడవాళ్లకు వేడి ఆవిర్లు ప్రత్యేకంగా తగ్గలేదట, నిద్రలేమి మాత్రం కొంత తగ్గిందట. చదివాక నా ఒక్కదానికే ఇలా కాదని ధైర్యం వచ్చింది.

నేను సాయంత్రం టీ మానేసింది కూడా అప్పుడే. పిల్లలిద్దరూ హాస్టల్లో ఉన్నారు, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఇల్లు నిశ్శబ్దం. నిద్ర కుదుటపడటంలో ఈ ఆసనం వాటా ఎంతో విడదీసి చెప్పలేను. మా అక్కకు గ్లకోమా (సాధారణంగా కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బు) ఉంది, కంటి డాక్టరు ఈ ఆసనం వద్దన్నారు. ఆమె మంచం మీద కూర్చుని భ్రామరి ఒక్కటే చేస్తోంది, మూడు వారాలైంది.