పాత ఉక్కు సైకిలుతో మూడు తీరాలు

ఈత, సైకిలు, పరుగు ఒకే పోటీలో కలిపే ట్రయాథ్లాన్ అనే ఆట పుట్టి పెరిగిన మూడు చోట్లను ఆ కాలపు సామగ్రితోనే చూసి రావాలన్న కోరిక నాకు చాలా ఏళ్ళుగా ఉంది. ఈ ఏడాది జనవరి చివరలో పదకొండు రోజుల సెలవు దొరకగానే మా ఆవిడా నేనూ బయలుదేరాం. మొదట శాన్ డియాగోలోని మిషన్ బే, ఆ తరువాత ఒవాహు దీవిలోని హొనలూలు, చివరికి హవాయి పెద్ద దీవి మీది కోనా. ఆట సాగి వెళ్ళిన దారి కూడా ఇదే. వెంట తీసుకువెళ్ళినది 1980ల నడుమ తయారైన సెంచూరియన్ ఐరన్‌మ్యాన్ సైకిలు. హవాయిలో జరిగే ఐరన్‌మ్యాన్ అనే దూరపు ట్రయాథ్లాన్‌లో ఆనాటి విజేత డేవ్ స్కాట్ పేరు మీద అమ్మిన ఈ ఉక్కు సైకిలును మా వీధిలోని ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడి దగ్గర ఆరేళ్ళ క్రితం 150 డాలర్లకు కొన్నాను. దీని గేర్ల మీటలు హ్యాండిల్ మీద ఉండవు, ఫ్రేములో కిందికి వాలిన గొట్టానికి ఇరువైపులా ఉంటాయి. వాటికి మెట్లు లేవు కనుక చైను చప్పుడు విని సరిపెట్టుకోవాలి. పెడళ్ళకు పాదాన్ని పట్టి ఉంచే ఇనుప కొక్కేలు, తోలు పట్టీలు ఉంటాయి. చదువు కోసం కాలిఫోర్నియా వచ్చిన కొత్తలో, 1989లో, నా మొదటి పోటీకి అరువు తెచ్చుకున్న సైకిలుకూ ఇవే పట్టీలు ఉండేవి. తెనాలి కాలువలో నేర్చిన ఈత, గంటల లెక్కన అద్దెకు తెచ్చిన సైకిలు మీద మోకాళ్ళు పగలగొట్టుకుంటూ నేర్చిన తొక్కుడు తప్ప నాకు ఆ రోజు వేరే శిక్షణ లేదు.

మిషన్ బేలో ఫియస్టా ఐలండ్ అనే ఇసుక దీవి ఉంది. సముద్రపు పాయను తవ్వినప్పుడు తేలిన మట్టీ ఇసుకా పోసి దీనిని తయారుచేశారు. దీని చుట్టూ సుమారు 4 మైళ్ళ చదునైన రోడ్డు ఒకే దిశలో తిరుగుతుంది. 1974 సెప్టెంబరు 25, బుధవారం సాయంత్రం శాన్ డియాగో ట్రాక్ క్లబ్ ఈ పరిసరాలలోనే ఒక పోటీ పెట్టింది. దానిని తలపెట్టినవారు జాక్ జాన్‌స్టోన్, డాన్ షానహాన్. మొత్తం మీద 6 మైళ్ళ పరుగు, 5 మైళ్ళ సైకిలు, 500 గజాల ఈత ఉండగా, పరుగులో కొంత భాగం చెప్పులు లేకుండా ఇసుకలోనూ గడ్డిలోనూ సాగింది. నలభైమందికి పైగా వచ్చారు. ఎవరి సైకిలు వారే తెచ్చుకోవాలన్నది నియమం కాబట్టి, ఇంట్లో ఉన్నది ఏదైతే అదే తెచ్చుకున్నారు. బహుమతుల మీద పేరు చెక్కించబోతే ట్రయాథ్లాన్ అనే మాటకు వర్ణక్రమం ఏమిటని ఆ దుకాణంవారు అడిగారని, అది నిఘంటువులో దొరకలేదని జాన్‌స్టోన్ తరువాత చెప్పుకున్నాడు. వెనకబడినవారు ఈత ముగించేసరికి చీకటి పడటంతో, కార్లను ఒడ్డుకు తెచ్చి వాటి దీపాల వెలుగులో వారిని గట్టెక్కించారు.

ఈ దీవి మీద సౌకర్యాలంటూ ఏమీ లేవనే చెప్పాలి. తాత్కాలిక మరుగుదొడ్లు, కుక్కలను వదిలి తిప్పుకొనే ఇసుక మైదానం, దుమ్ము, పక్షులు, అంతే. తాగునీరు మనమే తీసుకువెళ్ళాలి. నీడ లేదు, తినడానికి ఏమీ దొరకదు. కారు నిలపడానికి మాత్రం రుసుము లేదు. బే ఒడ్డున ఖరీదైన రిసార్టులు ఉన్నా మేము పసిఫిక్ బీచ్‌లో ఒక పాత మోటెల్‌లో రెండు రాత్రులు ఉన్నాం. గది ఇరుకు, గోడలు పలచన, అర్ధరాత్రి దాకా వీధిలో కుర్రకారు కేకలు. అయినా సైకిలును నేరుగా గదిలోకి దొర్లించుకుపోనిచ్చారు కాబట్టి నేను ఫిర్యాదు చేయను. భోజనానికి అరగంట దూరంలోని మిరామార్ వైపు వెళితే భారతీయ హోటళ్ళు వరుసగా ఉన్నాయి. అక్కడ తిన్న పెసరట్టు నిజాయితీగా ఉంది.

ఆనాటి వారిలాగే వెట్‌సూట్ (చలిని ఆపే రబ్బరు ఈత దుస్తు) లేకుండా ఈదాలని పట్టుబట్టడం నేను చేసిన తెలివితక్కువ పని. వారు ఈదినది సెప్టెంబరులో, నేను దిగినది జనవరిలో. వంద గజాలు పోకముందే దవడలు కొట్టుకోవడం మొదలై వెనక్కి తిరిగాను, మా ఆవిడ ఒడ్డున తువ్వాలు పట్టుకొని ఏమీ అనకుండా నిలబడింది. చన్నీటి పోటీల్లో తొలినాళ్ళ వారికి దొరికినది అలలపై ఆడేవారు వేసుకొనే మందపాటి రబ్బరు చొక్కాయే, దానితో భుజం తిరగదు. ట్రయాథ్లాన్ ఈత కోసమే కుట్టిన వెట్‌సూట్‌ను డాన్ ఎంప్‌ఫీల్డ్ 1987లో క్వింటానా రూ పేరుతో తెచ్చేదాకా చలికి ఓర్చుకోవడమే శిక్షణ. ఆ తరువాత సైకిలు మీద నాలుగు చుట్లు కొట్టి ఒళ్ళు వేడెక్కించుకున్నాను. మీట కదిపి చైను సర్దుకొనే దాకా రెండు క్షణాలు ఆగి, ఆ చిన్న చప్పుడు ఆగాక మళ్ళీ బలం వేయడం ఒకప్పుడు ఎంత అలవాటుగా ఉండేదో మూడో చుట్టుకు గాని గుర్తు రాలేదు.

శాన్ డియాగో నుంచి హొనలూలుకు విమానంలో సైకిలును అట్టపెట్టెలో పెట్టి మామూలు సామానుగానే పంపాను. పెట్టెతో కలిపి 43 పౌండ్లే తూగింది కనుక అదనపు రుసుము పడలేదు. అయితే దిగి విప్పి చూస్తే వెనక గేరును పట్టి ఉంచే కొక్కెం లోపలికి వంగి ఉంది. ఆ సంగతి కోనాలో చెబుతాను.

1974 పోటీలో పాల్గొన్న జాన్ కాలిన్స్, జూడీ కాలిన్స్ దంపతులు జాన్ నౌకాదళ ఉద్యోగం వల్ల హవాయికి మారారు. ఈతగాడు గొప్పా, పరుగుగాడు గొప్పా, సైకిలువాడు గొప్పా అనే వాదన అక్కడ ఒక బహుమతి ప్రదాన సభలో లేస్తే, దీవి మీద అప్పటికే ఉన్న మూడు పోటీలను ఒకే రోజులో కలిపి తేల్చుకుందామని జాన్ ప్రతిపాదించాడు. వైకీకీ సముద్రపు ఈత 2.4 మైళ్ళు, హొనలూలు మారథాన్ 26.2 మైళ్ళు. దీవి చుట్టూ రెండు రోజులు సాగే సైకిలు పోటీ 115 మైళ్ళు. అందులో 3 మైళ్ళు తగ్గించి ఎదురు దిశలో తొక్కితే, సరిగ్గా మారథాన్ అప్పట్లో మొదలయ్యే అలోహా టవర్ దగ్గర దిగవచ్చు. ప్రపంచమంతా ఇప్పుడు ప్రమాణంగా పాటించే 112 మైళ్ళ లెక్క ఇలా దారి కలవడం కోసం కుదిరినదే. ఐరన్‌మ్యాన్ అని పేరుపడిన ఈ పోటీలో 1978 ఫిబ్రవరి 18న 15 మంది బయలుదేరి 12 మంది పూర్తి చేశారు. గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు. మారథాన్ దాకా ముందున్న జాన్ డన్‌బార్ రెండో స్థానంలో నిలిచాడు. నిర్వాహకులు దారిలో నీళ్ళు ఇవ్వలేదు కనుక ఎవరి సహాయకులు వారి వెంట కారులో వెళ్ళారు. డన్‌బార్ సహాయకుల దగ్గర నీళ్ళు అయిపోయి అతనికి బీరు ఇచ్చారన్న కథ ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ ఈత మొదలైన సాన్ సూసీ బీచ్‌ను ఇప్పుడు కైమానా అని ఎక్కువగా పిలుస్తున్నారు. వైకీకీ రద్దీకి దూరంగా, కపియోలాని పార్కు చివర ఉన్న చిన్న ఇసుక ముక్క అది. దాని పక్కనే 1927లో తెరిచి 1979లో మూసిన పాత స్మారక ఈతకొలను, ఉప్పుగాలికి పెచ్చులూడిన గోడలతో నిలబడి ఉంది. తెల్లవారుజామున ముసలి ఈతగాళ్ళు తీరం నుంచి బయటి బోయా (నీటిలో తేలే గుర్తు) దాకా వెళ్ళి వస్తూ, దిగినప్పుడూ ఎక్కినప్పుడూ ఒకరినొకరు పలకరించుకుంటున్నారు. ఉచిత స్నానపు గొట్టాలు, గడ్డి, నీడ అన్నీ ఉన్నాయి. వారం రోజులు ఇక్కడే ఉండిపోవచ్చుననిపించింది.

మా బస మాత్రం కలిసిరాలేదు. వైకీకీ నడిబొడ్డున మేము దిగిన హోటల్ చూపిన గది ధర వేరు, రిసార్టు రుసుము, కారు నిలిపే రుసుము కలిశాక కట్టిన ధర వేరు. పైగా సైకిలును గదిలోకి తీసుకుపోకూడదని చెప్పి సామాను గదిలో పెట్టించారు, తెల్లవారుజామున దాన్ని తీసి ఇచ్చే మనిషి ఉండడు. రెండో రోజే అక్కడి నుంచి లేచి పార్కు వైపు ఒక చిన్న హోటల్‌కు మారాం. అక్కడ హంగులు లేవు, కాని బీచ్ నడక దూరం, సైకిలు గదిలోనే. ఈ ఆట కోసం హొనలూలు వెళ్ళేవారు ఈ వైపే చూసుకోవడం మంచిది. ఊరి బస్సుల ముందు భాగంలో సైకిళ్ళు పెట్టుకొనే మడత చట్రం ఉంటుంది. సైకిలు ఎత్తి పెట్టి కొక్కెం లాగడానికి నాకు పట్టిన సమయం అర నిమిషం, విసుక్కోని డ్రైవర్లు.

దీవి చుట్టూ 112 మైళ్ళు తొక్కే సాహసం నేను చేయలేదు. మకపూ కొండ దాకా వెళ్ళి రావడం హాయిగానే ఉంది. ఉత్తర తీరంలో మాత్రం రోడ్డుకు అంచు ఉన్నట్టే ఉండి మాయమైపోతుంది, వారాంతంలో కార్లు బారులు తీరుతాయి. 1981లో నిర్వాహకురాలు వాలెరీ సిల్క్ ఐరన్‌మ్యాన్ పోటీని ఒవాహు నుంచి కోనాకు ఎందుకు తరలించిందో ఆ రోడ్డు మీద అరగంట గడిపినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

కోనా విమానాశ్రయంలో దిగగానే కనిపించేది గడ్డకట్టిన నల్లటి లావా. ఊరిలో ముందు వెతుక్కున్నది సైకిలు దుకాణం. వంగిన కొక్కెం చూసి అక్కడి కుర్రవాడు కొత్త భాగం తెప్పించాలన్నాడు, ఇలాంటి ఫ్రీవీలు విప్పే పానా తన దగ్గర లేదన్నాడు. లోపలి నుంచి వచ్చిన నెరసిన గడ్డం మనిషి ఆ మాట విని నవ్వి, ఉక్కు కదా అని ఒక పొడవాటి కడ్డీ బిగించి మెల్లగా వెనక్కి వంచి, పాత డబ్బాలో నుంచి పానా కూడా తీశాడు. పది నిమిషాల పని, పదిహేను డాలర్లు. అదే దుకాణంలో గోడకు తగిలించిన కార్బన్ సైకిళ్ళు చాలావాటికి గేర్ల మీట కదిపితే తీగతో పని లేకుండా మోటారు కదిలిస్తుంది. వాటికి ఇలాంటి దెబ్బ తగిలితే సరిపడే విడిభాగం వచ్చేదాకా ఆగాల్సిందేనని ఆ పెద్దాయనే చెప్పాడు. పాత సామగ్రి బరువన్న మాట నిజం, ఆలస్యమన్న మాటా నిజం, కాని కొత్త ఊళ్ళో దిగినప్పుడు దాని గొప్పతనం బయటపడుతుంది.

ఆలీ డ్రైవ్ వెంబడి వంటగది ఉన్న అద్దె ఇల్లు తీసుకున్నాం. పోటీ జరిగే అక్టోబరులో ఇవి దొరకడం కష్టమని ఇంటావిడ చెప్పింది. మాకు అయిదు రాత్రులకు వైకీకీ మూడు రాత్రుల ఖర్చు కూడా కాలేదు. అన్నం వండుకొని, సంతలో కొన్న బొప్పాయి, అవకాడోతో గడిపాం. రేవు పక్కనున్న ‘డిగ్ మీ’ బీచ్ చూసి మా ఆవిడ ఇంతేనా అంది. నాలుగు చాపలు పరిస్తే నిండిపోయే ఇసుక. అయినా నీరు వెచ్చన, కింద పగడాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఇక్కడ వెట్‌సూట్ అవసరమే రాలేదు. ఈదుతుంటే నీటి అడుగున తిమింగలాల పాట లీలగా వినిపించింది. ఫిబ్రవరి నాటికి అవి ఈ తీరాలకు చేరి ఉంటాయి, కోనాలో తొలి రెండు పోటీలు జరిగినదీ ఆ నెలలోనే.

1982 ఫిబ్రవరి ఐరన్‌మ్యాన్‌లో జూలీ మాస్ అనే విద్యార్థిని గెలుపు గీతకు కొద్ది గజాల దూరంలో కుప్పకూలి, పాకుతూ వెళ్ళగా, కాథ్లీన్ మెకార్ట్‌నీ ఆమెను దాటి గెలిచింది. ఆ దృశ్యం టెలివిజన్‌లో వచ్చాకే ఈ ఆట సంగతి దేశానికి తెలిసింది. ఆలీ డ్రైవ్‌లో ఇప్పుడు ఐరన్‌మ్యాన్ పేరుతో, ఆ గుర్తుతో చొక్కాలు, గిన్నెలు, టోపీలు అమ్ముతారు. నేనూ ఒక టోపీ కొన్నాను, ఎందుకు కొన్నానో తెలియదు.

కోనాలో అసలు చూడవలసింది రోడ్డు. క్వీన్ కాహుమాను హైవేకు వెడల్పయిన అంచు ఉంది, తొక్కడానికి ఒవాహు కన్నా ఎన్నో రెట్లు నయం. నీడా దుకాణమూ మాత్రం మైళ్ళ తరబడి ఉండవు కనుక మూడు సీసాల నీళ్ళు తప్పవు. మా ఆవిడ కారులో కవాయ్‌హే దాకా తీసుకువెళ్ళి దింపితే, అక్కడి నుంచి హావీ ఊరికి ఎక్కాను. ఇక్కడ కొండల మీద నుంచి ముముకు అనే గాలి అడ్డంగా కొడుతుంది. పైకి వెళ్ళేటప్పుడు ఓపిక చాలు. దిగేటప్పుడు గేరు మార్చడానికి ఒక చెయ్యి హ్యాండిల్ వదిలి కింది గొట్టం దాకా పోనివ్వాలి, సరిగ్గా ఆ క్షణంలోనే గాలి సైకిలును తెల్లగీత వైపు నెడుతుంది. రెండుసార్లు ప్రయత్నించి మానేసి, ఒకే గేరులో కిందికి వచ్చాను. 1980ల మధ్యదాకా ఇక్కడ గెలిచినవారందరూ ఈ దిగుడును ఇలాంటి మీటలతోనే దిగారని తలుచుకుంటే ఇప్పుడు గౌరవం పెరిగింది.

ఆ తరువాత వచ్చిన మార్పుల్లో నాకు అన్నిటికన్నా పెద్దదనిపించేది మోచేతులు ఆనించి వంగి తొక్కడానికి హ్యాండిల్ నుంచి ముందుకు చాచిన కడ్డీలు. మంచుపై జారే ఆటకు శిక్షకుడైన బూన్ లెనన్ రూపొందించిన వాటిని స్కాట్ అనే క్రీడాసామగ్రి సంస్థ 1987లో అమ్మకానికి తెచ్చింది. 1989 జులైలో గ్రెగ్ లెమాండ్ వాటి మీద వాలి టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పోటీని 8 సెకన్ల తేడాతో గెలిచాడు. అదే ఏడాది అక్టోబరులో ఇదే రోడ్డు మీద డేవ్ స్కాట్, మార్క్ ఆలెన్ రోజంతా పక్కపక్కనే సాగి, చివరకు ఆలెన్ 58 సెకన్ల తేడాతో గెలిచాడు. నా మొదటి పోటీలో ఆ కడ్డీలు ఉన్నవారిని నేను అసూయగానే చూశాను. ఇప్పుడు ఈ గాలిలో అవి ఉన్నా వాటి మీద వాలే ధైర్యం నాకుండేది కాదు.

మూడింటిలో ఒక్కటే చూడగలిగినవారికి, తొక్కడం ముఖ్యమైతే కోనా, ఈత ముఖ్యమైతే కైమానా తీరం చెబుతాను. నేను మళ్ళీ వెళ్ళేది మాత్రం ఫియస్టా ఐలండ్‌కే. కారులో గంటన్నర దూరం, గది అద్దె తక్కువ, ఎవరూ ఏమీ అమ్మరు. వచ్చే సెప్టెంబరు 25 సాయంత్రం అక్కడ ఆనాటి దూరాలను నా ఒక్కడికే కొలిచి పెట్టుకోవాలనుకుంటున్నాను. చీకటి పడితే కారును ఒడ్డుకు తెచ్చి దీపాలు వేయడానికి మా ఆవిడ ఒప్పుకుంది, నేను వెట్‌సూట్ వేసుకుంటానన్న షరతు మీద.