ఖీమా ఉండలకు పోత ఇనుప పొంగనాల పెనం

హైదరాబాద్ ఇళ్లలో ఖీమా ఉండలను, అంటే మనం కోఫ్తాలనుకునేవాటిని, చాలావరకు రెండు పద్ధతుల్లోనే వండుతారు. పచ్చి ఉండలను మరుగుతున్న పులుసులో నేరుగా వదలడం ఒకటి, మూకుడు నిండా నూనె పోసి వేయించి ఆ తర్వాత కూరలో కలపడం రెండోది. ఈ మధ్య ఎయిర్ ఫ్రయర్ కూడా వీటి సరసన చేరింది. బేగంబజార్ పాత్రల దుకాణాల్లో కొన్న పన్నెండు గుంతల పోత ఇనుప పొంగనాల పెనాన్ని నేను కొంతకాలంగా ఈ పనికి వాడుతున్నాను. ఆ మూడు పద్ధతులకన్నా ఇదే మేలని నా అభిప్రాయం. అయితే దీనికీ లోపాలున్నాయి.

పులుసులో ఉడికిన ఉండ మెత్తగా ఉంటుంది, మాంసం సారమంతా పులుసులోకి దిగుతుంది. కానీ నీటి వేడి 100 డిగ్రీలు దాటదు, మాంసం ఎర్రగా వేగి కమ్మని వాసన రావడానికి సుమారు 140 డిగ్రీలు కావాలి. అందుకే ఆ ఉండల్లో వేపుడు రుచి ఎంత ఉడికించినా రాదు. నూనెలో వేయిస్తే ఆ రుచి వస్తుంది, రంగు చుట్టూ సమంగా పడుతుంది. అయితే మంట ఏమాత్రం ఎక్కువైనా పైభాగం నల్లబడి లోపల పచ్చిగా మిగులుతుంది, పైగా మటన్ వాసన పట్టిన ఆ నూనెను మరో వంటకు వాడుకోలేము. ఎయిర్ ఫ్రయర్‌లో నూనె ఖర్చు దాదాపు లేదు, దగ్గర నిలబడే పనీ లేదు. కాకపోతే ఫ్యాన్ గాలికి ఉండ పైభాగం ఎండిపోతుంది, కొవ్వు తక్కువున్న ఖీమా అయితే లోపల కూడా పొడిపొడిగా తయారవుతుంది.

పొంగనాల పెనంలో జరిగేది వేరు. పెనాన్ని సన్నటి సెగ మీద బాగా వేడెక్కనిచ్చి, గుంతకు అర చెంచా చొప్పున నూనె వేసి, గుంతకన్నా కాస్త చిన్నవిగా చేసిన ఉండలను అందులో ఉంచి మూత పెట్టాలి. కరిగిన కొవ్వు ఎటూ పారిపోకుండా గుంత అడుగునే నిలుస్తుంది గనుక, ఉండ తన కొవ్వులోనే తాను వేగుతుంది. మొదటి కొద్ది నిమిషాలు దాన్ని కదపకూడదు. అడుగు వేగకముందే పుల్లతో గుచ్చి తిప్పబోతే సగం మాంసం గుంతకే అతుక్కుంటుంది, వేగిన తర్వాత అయితే అంచు దగ్గర చిన్నగా నెట్టగానే అదే ఊడి వస్తుంది. తిప్పినప్పుడు పైకి వచ్చే భాగం గుంత ఆకారంలో నున్నగా, చిక్కటి డికాషన్ రంగులో కనిపిస్తుంది. గ్యాస్ మంట మధ్య గుంతలకే ఎక్కువ తగులుతుంది కాబట్టి, తిప్పేటప్పుడే మధ్యవాటిని అంచులకు, అంచులవాటిని మధ్యకు మార్చడం మంచిది. ఖీమా లోపల వేడి 71 డిగ్రీలకు చేరాలి. రంగు చూసి ఉడికిందనుకోవడం నమ్మదగిన పద్ధతి కాదు, వంటింటి థర్మామీటర్ ఉంటే సందేహమే ఉండదు.

కూరకైతే ఉండలను పూర్తిగా వేయించనక్కరలేదు. రెండు వైపులా రంగు రాగానే తీసి, ఉడుకుతున్న కూరలో వేసి, లోపలిదాకా ఉడకనిస్తే చాలు. పైన గట్టిపడిన పొర వల్ల అవి విడిపోవు, మెత్తదనమూ పోదు. ఖాళీ గుంతల్లో చెంచాడు వేడినీళ్లు పోసి, అడుగంటిన ఎర్రటి పొరను చెక్క గరిటెతో గీకి ఆ నీటిని కూరలో కలిపితే రుచి రెట్టింపవుతుంది. ఈ ఒక్క కారణానికే నేను నాన్‌స్టిక్ పెనం వద్దంటాను, అందులో గీకడానికి ఏమీ మిగలదు.

ఏ పద్ధతిలో వండినా ఖీమా బాగుండాలి. దుకాణంలో కొవ్వు పూర్తిగా తీసేయించకుండా, మెషీన్‌లో రెండుసార్లు తిప్పించుకోవాలి. ఇంట్లో ముందుగా ఉప్పు వేసి జిగురు వచ్చేదాకా పిసికి, ఆ తర్వాతే ఉల్లి, అల్లం వెల్లుల్లి, పుట్నాల పొడి కలపాలి. ఉప్పుకు మాంసంలోని ప్రొటీన్లు కరిగి జిగురుగా మారతాయి, ఉండను పట్టి ఉంచేది ముఖ్యంగా అదే.

ఇక లోపాలు. పెనం బరువు ఎక్కువ, ఇనుప చెవులు మంట మీద కాలిపోతాయి, గుడ్డ లేకుండా ముట్టుకోలేము. అరకిలో ఖీమాకు రెండు వాయిలు తప్పవు, పదిమంది భోజనానికైతే మూకుడే నయం. కడిగిన వెంటనే మంట మీద ఆరబెట్టి నూనె రాయకపోతే తుప్పు పడుతుంది. మాంసం వాసన ఇనుమును అంత త్వరగా వదలదు కనుక, శనివారాలు, కార్తీకమాసం పాటించే ఇంట్లో పొంగనాలకు వేరే పెనం ఉండాల్సిందే. ఇండక్షన్ పొయ్యి మాత్రమే ఉన్నవారు కొనే ముందు పెనాన్ని బోర్లించి చూసుకోవాలి. గుంతలు కిందికి పొడుచుకొచ్చిన రకం దాని మీద సరిగా కూర్చోదు, వేడీ సమంగా అందదు. అడుగు చదునుగా ఉన్న రకం దొరికితేనే తీసుకోవడం మంచిది.