అప్‌టైమ్ కుమా: డౌన్ అని చెప్పలేదు గానీ అప్ అని మాత్రం చెప్పింది

కావలిలో నాది చిన్న ఇంటర్నెట్ వ్యాపారం. టౌన్‌లో కొన్ని, జువ్వలదిన్నె వైపు రొయ్యల గుంటల మీద కొన్ని, అన్నీ కలిపి 400కి అటూ ఇటూగా కనెక్షన్లు. మూడు నెలల కిందటి దాకా రాత్రి ఎనిమిది దాటితే ఫోన్ పట్టుకోవాలంటేనే భయం. "అబయా, నెట్ ఉందంటంది, వాట్సాప్ కూడా వస్తా ఉంది, కెమెరా మాత్రం తెరుచుకోట్లా, ఏంది కత?" అని గుంట దగ్గర్నుంచి ఒకాయన రోజూ అడిగేవాడు. నేను పింగ్ కొడితే (లైన్ అవతల పలుకుతోందా అని చూసే పరీక్ష) బ్రహ్మాండంగా ఉండేది. లైన్ బాగుంది అన్నా, మీ ఫోన్ ఒకసారి ఆపి వేయండి అనేవాణ్ణి. ఆయన చెప్పిందే కరెక్ట్. వాట్సాప్ ముందే కట్టుకున్న కనెక్షన్ మీద నడుస్తుంటుంది కాబట్టి దానికి పేరు వెతకాల్సిన పని లేదు. కొత్తగా ఏదైనా తెరవాలంటే ముందు డీఎన్ఎస్, అంటే సైటు పేరు చెబితే దాని నంబర్ అడ్రస్ వెతికిచ్చే సర్వర్, జవాబు చెప్పాలి, అక్కడ పడుకుంది వ్యవహారం.

అందుకని అప్‌టైమ్ కుమా పెట్టాను, సర్వర్లు పలుకుతున్నాయా లేదా అని అడుగుతూ ఉండి, పడిపోతే మనకి మెసేజ్ పెట్టే సాఫ్ట్‌వేర్ ఇది. ఉచితం, ఓపెన్ సోర్స్, మన డబ్బాలోనే నడుస్తుంది. నేను రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ మీద డాకర్‌లో (సాఫ్ట్‌వేర్‌ని విడి పెట్టెలో పెట్టి నడిపే పద్ధతి) వేశాను, వేడి కాఫీ చల్లారేలోపు పేజీ తెరుచుకుంది. వెర్షన్ 1.23, కాబట్టి కింద రాసేదంతా దాని గురించే. మానిటర్ రకం డీఎన్ఎస్ అని ఎంచుకుని, ఏ పేరు అడగాలి, ఏ సర్వర్‌ని అడగాలి, ఏ రికార్డు (ఏ రకం జవాబు) కావాలి అని నింపితే చాలు. మామూలుగా 60 సెకన్లకోసారి అడుగుతుంది, 20 దాకా తగ్గించుకోవచ్చు. నేను మూడు పెట్టాను: మా రౌటర్, మాకు పైనుంచి లైన్ ఇచ్చే కంపెనీ వాళ్ల సర్వర్, పోల్చుకోవడానికి గూగుల్ వాళ్ల డీఎన్ఎస్ 8.8.8.8.

మొదటి రాత్రే నవ్వొచ్చే పని చేసింది. ఫోన్‌కి టెలిగ్రామ్ మెసేజ్ ఒక్కటే వచ్చింది, సర్వర్ అప్ అయింది అని. ఎప్పుడు పడిపోయిందిరా నాయనా? లాగ్ తీసి చూస్తే 20 నిమిషాలు డౌన్. ఆ డౌన్ మెసేజ్ పంపాలంటే టెలిగ్రామ్ సర్వర్ పేరు వెతకాలి, ఆ డబ్బా కూడా పడిపోయిన డీఎన్ఎస్‌నే అడుగుతోంది! దొంగతనం అయిందని ఫిర్యాదు రాద్దామంటే పెన్ను కూడా దొంగే ఎత్తుకెళ్లినట్టు. తప్పు దానిది కాదు, నాదే. కుమా నడిచే డబ్బాకి వేరే డీఎన్ఎస్ ఇచ్చాక సర్దుకుంది. మీరు పెట్టుకుంటే ముందు ఈ పని చేయండి, తర్వాతే మిగతావి.

రెండో దెబ్బ ఇంకా ముఖ్యమైంది. మా రౌటర్ గ్రాఫ్ వారం రోజులు 1, 2 మిల్లీసెకన్ల దగ్గర గీత గీసినట్టు ఉంది, కస్టమర్లేమో తిడుతూనే ఉన్నారు. నేను అడుగుతున్న పేరు రౌటర్ కాష్‌లో (పాత జవాబులు దాచుకునే చోటు) ఉండిపోతోంది, పైకి వెళ్లి అడగాల్సిన అవసరమే రావట్లేదు. మన జేబులో ఉన్న డబ్బే లెక్కపెట్టుకుని బ్యాంకు బాగుంది అనుకోవడమే ఇది. నా సొంత డొమైన్‌లో ఒక పేరుకి టీటీఎల్ (జవాబుని ఎంతసేపు దాచుకోవచ్చు అనే గడువు) 30 సెకన్లు పెట్టి, దాన్నే నిమిషానికోసారి అడిగేలా మార్చాను. అప్పుడు బయటపడింది అసలు రంగు: పగలు 40 మిల్లీసెకన్ల దగ్గర, రాత్రి 8 అయ్యేసరికి 900, 1400, పది దాటాక మళ్లీ మామూలే. ఆ గ్రాఫ్‌ని మాకు లైన్ ఇచ్చే కంపెనీకి పంపితే, రోజూ "పింగ్ బాగానే ఉంది కదా సార్" అనే మనిషి రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు ఇంకో సర్వర్ అడ్రస్ ఇచ్చాడు.

ఇక నచ్చనివి. నెమ్మదిస్తే చెప్పదు. 1400 మిల్లీసెకన్లయినా సరే, జవాబు వస్తే దానికి పచ్చే. ఆ జవాబు తప్పయినా పచ్చే. ఒక ప్యాకెట్ పోతే లోపల తనే మళ్లీ అడిగి, రెండోసారి వస్తే సరే అనేస్తుంది. గ్రాఫ్‌లో మాత్రం కొన్ని సెకన్ల సూది ఒకటి నిలబడుతుంది. నాకు ఆ సూదులే అసలు సమాచారం, ఎందుకంటే అవతల కస్టమర్ ఫోన్ కూడా ఆ కొన్ని సెకన్లూ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ఫెయిలైనప్పుడు టైమౌటా (అసలు జవాబే రాలేదు), సర్వ్‌ఫెయిలా (వెతకలేకపోయానని సర్వర్ చెప్పింది) అన్నది ఎర్రర్ లైన్‌లో ఉంటుంది గానీ, నెలలో ఏవి ఎన్ని అని లెక్క ఇవ్వదు. ఆ రెండింటికీ మందు వేరు కాబట్టి నాకు ఆ లెక్క కావాలి. దానికి డీఎన్ఎస్‌ని నేరుగా అడిగే డిగ్ కమాండ్‌తో చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాను: ఒక్క సెకను ఆగు, ఒక్కసారే అడుగు, ఏం వచ్చిందో ఫైల్లో రాయి. ఎన్ఎక్స్‌డొమైన్ వస్తే ఫెయిల్ కింద లెక్కేయను, అలాంటి పేరే లేదని సర్వర్ సక్రమంగా చెప్పినట్టే కదా.

ఒక్క పేరునే నమ్ముకోకండి. 2021 అక్టోబర్ 4 రాత్రి 9 దాటాక ఫేస్‌బుక్, వాట్సాప్ మొత్తం ప్రపంచానికే ఆగిపోయాయి గుర్తుందా, వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లకి దారే లేకుండా పోయింది, ఎవర్ని అడిగినా ఆ పేర్లకి సర్వ్‌ఫెయిలే. నేను ఆ రాత్రి మా రౌటర్‌ని నాలుగుసార్లు ఆపి వేశాను. ఇప్పుడైతే ఒక్కో సర్వర్‌కి సంబంధం లేని మూడు పేర్లు పెట్టాను. మూడూ ఎర్రబడితేనే చొక్కా తొడుక్కుంటాను.

ఐదుకి మూడున్నర ఇస్తాను. నెమ్మదిస్తే మెసేజ్ వచ్చేలా చేస్తే ఇంకో ఒకటి కలుపుతాను. గుంట దగ్గర ఆయన మొన్న మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి కెమెరాకి చీమలు పట్టాయంట.