డైకాస్టా, కిట్టా? ఎడారి ట్యాంకులకు ఏది మేలు?

రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో తిరిగిన ట్యాంకుల మోడల్స్ పోగేద్దామనుకునేవాళ్లు ఈమధ్య అందరూ అడుగుతున్నది ఒకటే: రంగు వేసి అమ్మే రెడీమేడ్ డైకాస్ట్ (లోహపు పోత మోడల్) కొనుక్కోవాలా, ముక్కలుగా వచ్చే ప్లాస్టిక్ కిట్ తెచ్చి అతికించి రంగు వేసుకోవాలా? విడివిడిగా జవాబులిచ్చే ఓపిక లేక ఇక్కడే రాసేస్తున్నా.

చోటు, టైమ్ చూస్తే 1/72 (అంటే అసలు ట్యాంకులో 72వ వంతు) డైకాస్ట్‌కి తిరుగులేదు. ఆ సైజులో బ్రిటిష్ మటిల్డా ట్యాంకు ఎనిమిది సెంటీమీటర్లు కూడా ఉండదు. 1940 డిసెంబరులో ఈజిప్టులోని సిడి బర్రానీ దగ్గర మన 4వ భారత డివిజన్‌తో కలిసి దాడి చేసిన మటిల్డా మొదలుకుని క్రూసేడర్, గ్రాంట్, షెర్మన్, అటువైపు ఇటలీ ఎం13/40, జర్మనీ పాంజర్ 3, ట్యునీషియాలో దిగిన జర్మన్ టైగర్ దాకా అన్నీ ఒక్క అరలో పట్టేస్తాయి. చేతిలోకి తీసుకుంటే బరువు కూడా బాగుంటుంది. అదే 1/35 కిట్ అయితే మటిల్డా 16 సెంటీమీటర్లు, టైగర్ ఫిరంగి గొట్టంతో కలిపి 24. నాలుగు చేసేసరికి బీరువా ఎవరిదన్న చర్చ ఇంట్లో మొదలవుతుంది.

అయినా నా ఓటు కిట్‌కే. కారణం రంగు. యూరప్ ట్యాంకుకి కాస్త బురద పూస్తే సగం లోపాలు కప్పబడిపోతాయి. ఎడారి ట్యాంకుకి ఆ వెసులుబాటు లేదు, చూసేవాడి కన్ను ముందు రంగు మీదే పడుతుంది. మటిల్డానే తీసుకోండి. 1940-41లో బ్రిటిష్‌వాళ్లు వేసిన కాంటర్ అనే రంగుల పథకంలో ఏటవాలు గీతల మధ్య మూడు రంగులు: లేత రాతి రంగు, సిల్వర్ గ్రే, స్లేట్ (ముదురు పలక రంగు). మ్యూజియంలో పెట్టిన ట్యాంకుకి లేత నీలం వేయడంతో అదే అసలు రంగనుకుని ఏళ్ల తరబడి మోడల్స్ అన్నిటికీ నీలమే పూశారు. సిల్వర్ గ్రే నిజానికి కాస్త ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు. రెడీమేడ్‌లో నీలం వస్తే భరించడమే. గీకి మళ్లీ వేసుకోవచ్చంటారు కొందరు. అంత పని చేసేవాడు కిట్టే కొనుక్కోవచ్చు కదా!

జర్మన్ ట్యాంకుల్లో తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 1941 మొదట్లో ట్రిపోలీలో దిగినవి యూరప్ ముదురు బూడిద రంగుతోనే దిగాయి. పసుపు గోధుమ రంగు తర్వాత పైపూత. అది అరిగిన చోటల్లా కింది బూడిద రంగు కనబడేది. కిట్‌లో దీన్ని అచ్చం అలాగే చేయొచ్చు: ముందు బూడిద రంగు, ఆరాక హెయిర్‌స్ప్రే, దాని మీద పల్చగా ఆక్రిలిక్ పసుపు. పైపూత ఆరిన కాసేపటికే తడి కుంచెతో హ్యాచ్ (సిబ్బంది దిగే మూత) అంచుల దగ్గర, సిబ్బంది కాళ్లు పెట్టి ఎక్కే చోట మెల్లగా రుద్దండి. పసుపు పెచ్చులుగా లేచి కింద బూడిద రంగు బయటపడుతుంది. డైకాస్ట్‌లో ఈ అరుగుడుని మచ్చల్లా అచ్చుగుద్దుతారు, అన్ని పీసుల మీదా అదే చోట.

దుమ్ము సంగతీ అంతే. ట్యాంకు నిలబెట్టే బేస్ మీద నిజం ఇసుక చల్లుతామంటారు కొందరు. అర మిల్లీమీటరు రేణువు 1/72 ట్యాంకు పక్కన మూడున్నర సెంటీమీటర్ల గులకరాయి లెక్క. 1/35లో అది సగమే కాబట్టి కొంత నయం, కానీ ట్యాంకు మీదకి మాత్రం పిగ్మెంట్ (మెత్తటి రంగు) పొడే వాడండి. పైగా అక్కడ యుద్ధం జరిగిన నేల చాలావరకు గట్టి రాతి నేల, సినిమాల్లో చూపించే ఇసుక దిబ్బలు కావు.

1/48 కూడా ఉంది. సైజు ముద్దుగానే ఉంటుంది, కానీ 1/35 అంత ఎంపిక దొరకదు. రెజిన్, 3డీ ప్రింట్ కిట్ల జోలికి ఇప్పుడే పోకండి.

పిల్లల చేతికి అందే షెల్ఫ్ అయినా, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ పెట్టుకునే మూల ఇంట్లో లేకపోయినా డైకాస్టే కొనుక్కోండి, తప్పేం లేదు. కిట్ అనుకుంటే మాత్రం మొదటిది 1/35 పాంజర్ 3 తీసుకోండి. మటిల్డాకి చక్రాలను కప్పేసే రేకులుంటాయి కాబట్టి అతకడం తేలికే, కాంటర్ గీతలకి మాస్కింగ్ టేప్ వేయడంలోనే ప్రాణం పోతుంది. ఇంకోటి, మే నెలలో ఆక్రిలిక్ రంగు ఎయిర్‌బ్రష్ మొనలోనే ఎండిపోతుంది. రంగుతోపాటు, అది త్వరగా ఆరకుండా చూసే రిటార్డర్ సీసా కూడా ఆర్డర్ పెట్టేయండి.