వైజాగ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: అయిదు ప్రయాణాలు చేశాక

మా అమ్మాయి కాపురం శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర సన్నీవేల్‌లో. 2017 నుంచి ఇప్పటికి మా ఆయనా నేనూ అయిదుసార్లు వెళ్లొచ్చాం. రెండుసార్లు ఢిల్లీ మీదుగా, మూడుసార్లు సింగపూర్ మీదుగా.

నెట్‌లో దూరం కొడితే విశాఖ, శాన్‌ఫ్రాన్సిస్కో మధ్య సుమారు 13,300 కిలోమీటర్లు చూపిస్తుంది. గంటకి 900 చొప్పున లెక్కేస్తే పదిహేను గంటలు. కానీ మనకి నేరుగా వెళ్లే విమానమే లేదు, ఆ అంకెతో పనేముంది? ఢిల్లీ మీదుగా అయితే 1,360, 12,400 కలిపి దాదాపు 13,750. సింగపూర్ మీదుగా 2,900, 13,600 కలిపి 16,500. చుట్టు తిరుగుడెందుకని మొదట ఢిల్లీ టికెట్లే తీశాం.

గుమ్మం దిగిన దగ్గర్నుంచి అమ్మాయి ఇల్లు చేరేసరికి 34 గంటలు పట్టింది. గాల్లో గడిపింది పద్దెనిమిదిన్నర గంటలే, మిగతాదంతా కూర్చోవడమూ క్యూలూ. రెండోసారి జనవరిలో వెళ్లాం. పొగమంచుతో మా విమానం వైజాగ్‌లోనే మూడు గంటలు ఆగిపోయింది. రెండూ విడివిడి టికెట్లు కావడంతో అమెరికా విమానం తప్పిపోయింది, డబ్బూ పోయింది. మోకాళ్ల నొప్పులతో మా ఆయన ఆ రాత్రంతా కుర్చీలోనే గడిపారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. పెద్దవాళ్లని పంపేవాళ్లకి నా మాట ఒక్కటే: వంద డాలర్లు ఎక్కువైనా ఒకే పీఎన్ఆర్ మీద (రెండు విమానాలకీ కలిపి ఒకే బుకింగ్‌గా) తీయండి.

సింగపూర్ దారిలో ఇమిగ్రేషన్ వైజాగ్‌లోనే అయిపోతుంది. బ్యాగులు ఇక్కడ వేస్తే మళ్లీ శాన్‌ఫ్రాన్సిస్కోలోనే చూసుకోవడం. నాలుగు గంటల్లో సింగపూర్, అక్కడ నాలుగు గంటల విరామం, తర్వాత పదిహేను గంటలు ఏకబిగిన. గాజువాకలో మా ఇంటి నుంచి రాత్రి ఏడున్నరకి బయల్దేరితే అమ్మాయి ఇంటికి చేరడానికి 29 గంటలు. దూరం 2,700 కిలోమీటర్లు ఎక్కువ, సమయం అయిదు గంటలు తక్కువ! వేసవిలో అక్కడి గడియారం మనకన్నా పన్నెండున్నర గంటలు వెనక, చలికాలంలో పదమూడున్నర. సోమవారం రాత్రి ఎక్కితే మంగళవారం మధ్యాహ్నానికల్లా మనవరాలిని ఎత్తుకోవచ్చు.

తిరుగు ప్రయాణం మాత్రం కష్టమే. పసిఫిక్ మీద పైగాలులు పడమర నుంచి తూర్పుకి వీస్తాయి. పోయేటప్పుడు విమానాన్ని ముందుకి తోసిన గాలే వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. అందుకే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి సింగపూర్‌కే పదిహేడు గంటలు పడుతుంది. కాళ్లు వాస్తాయి. నడవా పక్క సీటు ముందే పెట్టుకోండి. వీల్‌చెయిర్ టికెట్ తీసేటప్పుడే అడగండి, కౌంటర్ దగ్గర అడిగితే ఆలస్యమవుతుంది.

ఇక భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి ఎక్కడమంటే నగరం నుంచి 45 కిలోమీటర్ల రోడ్డు. మా గాజువాక వాళ్లకి అంతకన్నా ఎక్కువే. అప్పుడు నేను ఏడున్నరకి కాదు, ఆరింటికే ఇంటికి తాళం వేస్తాను.