నాలుగేళ్ళు రోజూ కుక్కతో నడిచాక

కుక్కను తెచ్చుకుంటే ఒళ్ళు దానంతటదే తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నేను నమ్మాను. నాలుగేళ్ళు పొద్దున గంట, సాయంత్రం నలభై నిమిషాలు మా చిట్టితో నడిచాను. మొదటి మూడు నెలల్లో నేను ఒక్క కిలో కూడా తగ్గలేదు.

గంట అన్నానే కానీ, అందులో పాతిక నిమిషాలు కరెంటు స్తంభాల దగ్గరే గడిచిపోయేవి. అది వాసన చూస్తుంటే నేను ఫోన్ చూసుకుంటూ నిలబడేదాన్ని. పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఉంది. నిమిషాల లెక్కన నాకు అంతకు రెట్టింపే అవుతోందని మురిసిపోయాను. కానీ ఓ మోస్తరు అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. నేనేమో హాయిగా కూనిరాగాలు తీస్తూ నడిచేదాన్ని!

సరే అని దాన్ని ఆగనివ్వకుండా లాక్కుపోవడం మొదలుపెట్టాను. అది నేను చేసిన పెద్ద తప్పు. ఇంటికొచ్చాక పడుకునేది కాదు, చెప్పులు కొరికేది, చిన్న చప్పుడుకీ మొరిగేది. మన ముక్కులో వాసన పట్టే కణాలు లక్షల్లో ఉంటే కుక్కకు కోట్లలో ఉంటాయి. వాసన చూడటం దానికి కాలక్షేపం కాదు, బుర్రకు పని. ఆ పని లేకుండా కాళ్ళు మాత్రమే అలిసిపోతే కుక్క కుదురుగా ఉండదని నాకు ఆలస్యంగా తెలిసింది.

అప్పుడు మా మధ్య ఒక ఒప్పందం కుదిరింది. మొదటి పావుగంట దానిది, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. తర్వాత నేను "పద" అనేదాన్ని. అక్కణ్ణించి ముప్పై అయిదు నిమిషాలు ఆగకుండా జోరు నడక. చివరి పది నిమిషాలు మళ్ళీ దానివి. ఈ "పద" అలవాటు కావడానికి దాదాపు నెల పట్టింది. నా బరువు కదలడం మొదలైంది ఆ తర్వాతే.

సామాన్ల విషయంలో బాగానే డబ్బు తగలేశాను. మెడకు బెల్టు వేస్తే లాగినప్పుడల్లా దగ్గేది. ఛాతీకి వేసే హార్నెస్ కొన్నాను. మొదటిది చంకల కింద రాసుకుని వెంట్రుకలు ఊడిపోయాయి. ఛాతీ మీద ఇంగ్లీషు వై అక్షరంలా ఉండేది, భుజాలకు అడ్డు రానిది తీసుకోండి. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. లాగితే సాగి, బటన్ నొక్కితే ఆగే తాడు జోలికి మాత్రం పోవద్దు. పిల్లిని చూసి చిట్టి ఒక్క ఉరుకు ఉరికితే ఆ సన్నటి తాడు నా పిక్క చుట్టూ గీసుకుపోయింది, మచ్చ ఇంకా ఉంది. రెండు మీటర్ల మామూలు బట్ట పట్టీ చాలు.

స్మార్ట్ వాచీ గురించి ఒక మాట. పట్టీ పట్టుకున్న చెయ్యి ఊగదు కాబట్టి అడుగులు తక్కువ చూపిస్తుంది. వాచీని రెండో చేతికి మార్చాక నా లెక్క ఒక్కసారిగా పెరిగింది. అయినా ఆ పదివేల అడుగుల అంకె 1965లో జపాన్‌లో అమ్మిన అడుగులు లెక్కపెట్టే ఒక మీటరు పేరులోంచి వచ్చిందే. అది తెలిశాక దాని వెంట పడటం మానేశాను.

మొదటి ఎండాకాలంలో ఒకరోజు ఆలస్యంగా బయల్దేరాం. నాకు షూస్ ఉన్నాయి, దానికి లేవు. పాదాలు బొబ్బలెక్కి పది రోజులు ఇంట్లోనే ఉంది. ఆ పది రోజులూ నాకు సిగ్గుగానే ఉంది. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పడంతోనే చల్లబడాలి. అరచేతి వెనకభాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే బయటకు తీసుకెళ్ళకండి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులైతే ఇంకా జాగ్రత్త, వాటికి మామూలుగానే ఊపిరాడటం కష్టం. ఎముకలు ఎదుగుతున్న కుక్కపిల్లలతో కూడా గంటల నడకలు వద్దు. గడ్డిలో తిరిగొస్తే చెవుల వెనక, వేళ్ళ సందుల్లో పిడుదులు చూడాలి. చిరాకు పనే, తప్పదు.

ఇన్ని చెప్పినా మళ్ళీ మొదలుపెట్టమంటే మొదలుపెడతాను. నా జిమ్ ఉత్సాహం నలభై రోజులు కూడా నిలవలేదు. చిట్టికి ఆదివారం తెలియదు, రాత్రి నేను ఆలస్యంగా పడుకున్నానని తెలియదు. అయిదున్నరకి తలుపు దగ్గర నిలబడి నావైపు చూస్తుంది, అంతే. జ్వరం వచ్చిన రోజులు, దాని బొబ్బల రోజులు తీసేస్తే నాలుగేళ్ళలో నేను మానేసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది. బరువు తగ్గింది ఆరు కిలోలే, అది కూడా తిండి కాస్త తగ్గించాకే.

చిట్టికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. కీళ్ళు అరిగాయని డాక్టరు చెప్పారు. అరగంట దాటితే రోడ్డు మీదే కూర్చుంటుంది. అందుకని దాని నడక దానికి చేయించి, ఇంట్లో దిగబెట్టి, నేను మళ్ళీ ఒక్కదాన్నే వెళ్తున్నాను. రెండోసారి వెళ్ళేటప్పుడు మాత్రం షూస్ చేత్తో పట్టుకుని, గేటు దాటాకే వేసుకుంటున్నాను. లేసు చప్పుడు వింటే లేచి వచ్చేస్తుంది.